'బాషా దినోత్సవం' కాకుండా చూద్దాం

సంపాదకులకు నమస్కారం.

పాతకాలపు కలం రాతను తలపించే వంపుల ఫాంట్లు విశాఖలో బాగా వాడుతున్నారు. జగదాంబ జంక్షన్, డాబాగార్డెన్స్ వైపు నగల దుకాణాల బోర్డులైనా, పెళ్లి ఫ్లెక్సీలైనా అందరూ అవే అడుగుతున్నారు. ఆ రాత అందమైనదే, మాకూ ఇష్టమే. కానీ సరిగా టైపు చేసిన పేరు కూడా బోర్డెక్కేసరికి తప్పుగా కనబడుతోంది.

ఈ ఫాంట్లలో ఒక గీత లావు, పక్క గీత వెంట్రుకంత. 'ద'ను 'ధ' చేసేది అడుగున ఉండే చిన్న ఒత్తు గీతే. అది సన్నగా ఉంటే ఫ్లెక్సీ మీద సిరా పాకి కనబడకుండా పోతుంది. ధనలక్ష్మి దనలక్ష్మి అవుతుంది, శుభలేఖ శుబలేఖ అవుతుంది. 'థ' లోపలి చుక్క పూడితే కథ కాస్తా కధ!

ఫాంటు ఎంచుకునే ముందు 'లక్ష్మి', 'శ్రీ', 'రాష్ట్రం' టైపు చేసి చూడండి. 'క్ష్మి'లో పైన గుడి, కింద ష వత్తు, మ వత్తు అన్నీ ఇమడాలి. అక్కడ గీతలు ఒకదాన్నొకటి తొక్కితే ఆ ఫాంటు బోర్డుకు పనికిరాదు. వత్తులు విడిపోయి పొల్లు కనబడితే మాత్రం తప్పు ఫాంటుది కాకపోవచ్చు, సాఫ్ట్‌వేర్ సెట్టింగుది కావచ్చు. పేజీలు డిజైన్ చేసే ఇన్‌డిజైన్‌ సాఫ్ట్‌వేర్‌లో అయితే వరల్డ్ రెడీ పారాగ్రాఫ్ కంపోజర్ అనే సెట్టింగు పెడితే సర్దుకుంటుంది.

పేరు బోర్డు నిండా రావాలని అక్షరాల మధ్య ఎడం పెంచడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. కలిసి ఉండాల్సిన తోకలు తెగుతాయి, వత్తు ఏ అక్షరానిదో తెలియదు. అడ్డంగా సాగదీసినా అంతే: నిలువు గీతలు ఉబ్బుతాయి, అడ్డగీతలు సన్నగానే ఉండిపోతాయి. దానికి బదులు సైజు పెంచండి. రెండు వరసలైతే 100 పాయింట్ల అక్షరానికి వరసల ఎడం 150 అయినా ఉంచాలి. చిరునామాకు ఈ వంపులు వద్దు, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే మండలి, గురజాడ ఫాంట్లు చాలు.

వినైల్ కటింగ్‌కు, అంటే స్టిక్కర్ షీటులో అక్షరాలను బ్లేడుతో కోయడానికి పంపేటప్పుడు, అక్షరాలను కర్వ్స్‌గా (ఫాంటు అక్కర్లేని గీతలుగా) మార్చి వెల్డ్ చేయాలి, అంటే ఒకదాని మీద ఒకటి పడ్డ ఆకారాలను ఒక్కటిగా కలపాలి. లేకపోతే తలకట్టు అక్షరం మీద పడిన చోట బ్లేడు రెండుసార్లు కోస్తుంది, ముక్క ఊడిపోతుంది. 3 మిల్లీమీటర్ల కన్నా సన్నగీతలు బీచ్ రోడ్డు గాలికి అంచుల దగ్గర లేచిపోతాయి.

చదవగలిగే దూరానికి బోర్డులవాళ్ల లెక్క ఒకటుంది: పది అడుగులకు అంగుళం ఎత్తు. 60 అడుగుల రోడ్డు అవతలి నుంచి చదవాలంటే 6 అంగుళాల అక్షరం కావాలి; ఈ తరహా ఫాంటుకు 9 అయినా పెట్టమంటాం. అదే లెక్కన పేరును అంగుళమున్నర ఎత్తున కాగితం మీద ప్రింటు తీసి, గోడకు అంటించి, పదడుగుల నుంచి చూస్తే చాలు. ఒత్తు కనబడకపోతే అక్కడే ఆపి మార్చవచ్చు, ఖర్చు ఒక్క కాగితం.

ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి జయంతికి, అంటే తెలుగు భాషా దినోత్సవానికి, ఊరంతా బ్యానర్లు కడతారు. కట్టించేవారు ప్రింటుకు ఇచ్చేముందు 'భాషా' అన్న మాటలో 'భ' ఒత్తు దూరం నుంచి కనబడుతోందో లేదో ఒక్కసారి చూసుకోవాలని మా మనవి.

– కొందరు బోర్డు డిజైనర్లు, డాబాగార్డెన్స్, విశాఖపట్నం