కొబ్బరికాయ చెప్పిందని బోరు వేయాలా?

సంపాదకుడు గారికి,

మా అపార్ట్‌మెంటుకి రెండు బోర్లున్నాయి. మూడొందల అడుగులది ఏప్రిల్ వస్తే చాలు, నీళ్లకి బదులు గాలే పోస్తుంది. మొన్న పక్క ప్లాటువాళ్లు ఐదొందల అడుగులు దింపాక రెండోదీ దాని దారే పట్టింది. ఇక మూడోది వేద్దామన్నారు. పాయింటు పెట్టడానికి వచ్చినాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని సెల్లారంతా తిరిగాడు, జనరేటరు పక్కకి రాగానే కాయ నిక్కి నిలబడింది, ఫీజు పుచ్చుకుని వెళ్లిపోయాడు. ఆయన్ని అని ఏం లాభం, ఆయన దగ్గరున్నది కొబ్బరికాయే!

భూమి కింద నీళ్ల నడకని కంప్యూటర్లో లెక్కగట్టడం కొత్త సంగతేం కాదు. అమెరికా జియలాజికల్ సర్వేవాళ్ల మోడ్‌ఫ్లో అనే ప్రోగ్రాం 1984 నుంచి ఉంది, పైసా కట్టక్కర్లేదు. మన గుంటూరు బ్రాడీపేటని లైన్లూ అడ్డరోడ్లూ గళ్లుగా కోసినట్టే నేలని పైనుంచి లోతుదాకా గళ్లుగా కోస్తారు. ఒక గడిలోంచి పక్కదాంట్లోకి ఎంత నీరు జారుతుందన్నది రెండిటి నీటిమట్టాల తేడాని బట్టి, మధ్యలో ఉన్నది ఇసుకా, బంకమన్నా, రాయా అన్నదాన్ని బట్టి ఉంటుంది. డార్సీ అనే ఫ్రెంచి ఇంజనీరు 1856లోనే ఇసుకలోంచి నీళ్లు పంపి తేల్చిన లెక్క ఇది. ఎంత వాన ఇంకింది, ఏ బోరు ఎంత తోడుతోంది అన్నవి కూడా చేరిస్తే, కొత్తగా మోటారు దింపితే చుట్టుపక్కల మట్టం ఎంత పడిపోతుందో ముందే ఒక అంచనా వస్తుంది.

ఇలా కట్టిన లెక్కనే మోడల్ అంటారు. పాత ఏళ్ల మట్టాలతో సరిచూడని మోడల్ మాత్రం ఉత్త బొమ్మే. రాతినేలలో ఏ ఇంటికింద నీటి పగులుందో అది చెప్పలేదు కూడా, చెప్తానన్నవాడు కొబ్బరికాయ పక్కనపెట్టి ల్యాప్‌టాప్ పట్టుకున్నవాడే. కానీ మొత్తం పేటకి ఏడాదికి ఎంత తోడొచ్చో చెప్తుంది, మాకు కావలసింది అదే. సముద్రం దగ్గరున్న రేపల్లె, బాపట్ల వైపైతే ఇంకా అవసరం: సముద్రమట్టానికి పైనున్న మంచినీరు ఒక్క మీటరు తగ్గితే అడుగున ఉప్పునీరు దాదాపు 40 మీటర్లు పైకి లేస్తుందని లెక్క.

2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం కొత్త బోరుకి ఎలాగూ అనుమతి కావాలి. భూగర్భజల శాఖ ఫిజోమీటర్లతో, అంటే మట్టం చూడ్డానికే వేసిన బోర్లతో, మట్టాలు కొలుస్తూనే ఉంది. ఆ కొలతలతో వార్డువారీగా మోడల్ నడిపి, అది చూశాకే అనుమతి ఇవ్వండి, వచ్చిన మ్యాపుని తెలుగులో వార్డు సచివాలయం గోడకి అంటించండి.

ఆదివారం మా మీటింగు. ఫ్లాటుకి ఎంతెంత వేసుకోవాలన్నదే అజెండా, పాయింటు జనరేటరు పక్కనేనని అందరూ ఒప్పేసుకున్నారు.

ఇట్లు,
ఒక ఫ్లాటు ఓనరు, గుంటూరు