కన్నా, మూడో గుల్ల ఇప్పుడే కొనకు

చెన్నై

కన్నా,

నీ సముద్రపు నీళ్ల ట్యాంకులో పెంచిన పెద్ద గుల్లల (జెయింట్ క్లామ్, రెండు చిప్పల జీవి) ఫోటోలు పెద్దవి చేసుకుని చూశాను. క్రోసియా జాతి గుల్ల చనిపోయిన మూడు వారాలకే డెరాసా జాతిది కూడా పోయిందంటే నీ మనసు ఎలా ఉంటుందో నాకు తెలుసు. నువ్వు రాసిన అంకెల్లో తప్పు పట్టడానికేమీ లేదు. ఉప్పదనం 35, ఆల్కలినిటీ 8.5, క్యాల్షియం 430, నైట్రేట్ 5, వేడి 26 డిగ్రీలు. ఇలాంటి నీళ్లలో గుల్ల హాయిగా పెరగాలి. అంటే దాన్ని చంపుతున్నది నీ టెస్ట్ కిట్లకు అందనిదేదో అయ్యుండాలి.

రెండు సంగతులు నువ్వు మాటవరసకు రాసినట్టు రాశావు. నాకు మాత్రం అవే ముఖ్యంగా కనిపించాయి. రొయ్యలు కొన్నాళ్లుగా కనబడటం లేదని, నత్తలు వెల్లకిలా పడితే మళ్లీ లేవడం లేదని ఒకటి. రోజూ ఆవిరైపోయే నీళ్లకు బదులు వంటింటి ఆర్‌.ఓ. నీళ్లే పోస్తున్నానని ఇంకొకటి. ఆ మెషీన్ నీళ్లలో రాగి కలిపే రకం. చేపలు బాగుండి, వెన్నెముక లేని జీవాలన్నీ వరసగా పోతుంటే ముందు రాగినే అనుమానించాలి.

చేపల తెల్లమచ్చల జబ్బుకు వేసే రాగి మందు లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల మోతాదులో పనిచేస్తుంది. చేప దాన్ని తట్టుకుంటుంది. రొయ్య, నత్త, గుల్ల అంతకంటే చాలా తక్కువకే దెబ్బతింటాయి. తాగునీటికైతే మన ఐఎస్ 10500 ప్రమాణం లీటరుకు 0.05 మిల్లీగ్రాముల రాగిని హద్దుగా పెట్టి, వేరే నీళ్లు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటుంది. కాబట్టి మనం నిశ్చింతగా తాగే నీళ్లే గుల్లకు విషం కావచ్చు.

పైగా అది పోగవుతుంది. ఒక లెక్క వేసి చూడు. నీ ట్యాంక్ 200 లీటర్లు, రోజుకు 2 లీటర్లు ఆవిరవుతున్నాయి, ఆర్‌.ఓ. నీళ్లలో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల రాగి ఉందనుకో. ఆవిరి రాగిని తీసుకుపోదు. రోజుకు 0.4 మిల్లీగ్రాములు, నెలకు 12. అంటే ట్యాంకులో లీటరుకు 0.06. ఇందులో కొంత రాళ్లూ ఇసుకా పీల్చుకుంటాయి, కానీ తర్వాత మెల్లగా వదులుతాయి. నీ గుల్లలు తెచ్చిన రోజే చావకుండా వారాల తరబడి నీరసించి పోవడానికి ఇది సరిపోయే కారణం. నీళ్లలో కరిగిన లవణాల మొత్తాన్ని చూపే టీడీఎస్ మీటర్‌ను నమ్ముకోకు. 60 చూపించే నీళ్లలో 0.2 రాగి ఉన్నా లేకపోయినా దానికి తేడా తెలియదు. మామూలు రాగి టెస్ట్ కిట్ సున్నా చూపించినా గుల్లను బాధించేంత రాగి మిగిలి ఉండొచ్చు. ఖచ్చితంగా తెలియాలంటే ఐసీపీ పరీక్షకు, అంటే లోహాలను అతి తక్కువ మోతాదులోనూ కొలిచే ల్యాబ్ పరీక్షకు, శాంపిల్ పంపాల్సిందే.

అది వచ్చేదాకా ఆగకుండా పని మొదలుపెట్టు. ట్యాంకు కోసం వేరే ఆర్‌.ఓ. డీఐ యూనిట్ పెట్టుకో, అంటే మెంబ్రేన్ దాటొచ్చిన లవణాలను కూడా చివర రెజిన్ తీసేసేది. సెడిమెంట్, కార్బన్, మెంబ్రేన్, చివర డీఐ రెజిన్ ఉండాలి. బయటికొచ్చే నీళ్ల టీడీఎస్ 0 ఉండాలి, 1 దాటిందంటే రెజిన్ అయిపోయినట్టే. మీ అపార్ట్‌మెంట్‌లో టాంకర్ నీళ్లు, బోరు నీళ్లు కలిసి వస్తాయి కాబట్టి గట్టినీళ్లకు రెజిన్ త్వరగా అయిపోతుంది, వారానికోసారి మీటర్ పెట్టి చూడు. మెంబ్రేన్‌కు కనీసం 50 పీఎస్ఐ ఒత్తిడి కావాలి, పై అంతస్తుల్లో బూస్టర్ పంపు లేకపోతే రాదు. ఆ యూనిట్ తర్వాత ఇత్తడి కొళాయి, ఇత్తడి జాయింటు ఒక్కటి కూడా వద్దు. నీళ్లు ప్లాస్టిక్ డ్రమ్ములోనే పట్టు, ఇంట్లో రాగి బిందె ఖాళీగా ఉంది కదా అని అందులో పట్టకు.

ఆ నీళ్లతో లీటరుకు 35 గ్రాముల చొప్పున సముద్రపు ట్యాంకుల కోసం అమ్మే ఉప్పు కలిపి, ఒకరోజు పంపుతో తిప్పి, నాలుగు రోజులకోసారి 25 శాతం మార్చు. నాలుగుసార్లు మారిస్తే పాత నీళ్లు 32 శాతం మిగులుతాయి. రాగిని పట్టే రెజిన్ గానీ, లోహాలను పీల్చే పాలీఫిల్టర్ అనే మెత్త గానీ ఫిల్టర్‌లో పెట్టు. రాగి ఉంటే పాలీఫిల్టర్ నీలంగా మారుతుంది, అది కంటికే కనబడే సాక్ష్యం. పంపు ఇరుసు తుప్పు పట్టిందేమో, అద్దం తుడిచే అయస్కాంతం పగిలిందేమో కూడా విప్పి చూడు. ఇకముందు షాపు సంచిలో నీళ్లు ట్యాంకులో ఒక్క చుక్క పోయకు. చేపల ట్యాంకుల్లో రాగి మందు వేసి ఉంచే షాపులు ఉన్నాయి.

రాగి కాదని తేలితే నా రెండో అనుమానం పిరమిడెల్లిడ్ నత్తల మీద, గుల్లల రసం పీల్చి బతికే చిన్న నత్తలవి. ఫోటోలో డెరాసా చిప్ప మడతల్లో రెండు తెల్లని చుక్కలు కనిపించాయి, ఇసుక రేణువులో ఏమో తేల్చుకోలేకపోయాను. ఇవి బియ్యపు గింజ కంటే చిన్నవి. పగలు గుల్ల కింద, పాదం బయటికొచ్చే కంత దగ్గర దాక్కుంటాయి. దీపాలు ఆర్పిన రెండు గంటలకు ఎర్ర టార్చి వేసి చూస్తే చిప్ప అంచున వరసగా కూర్చుని, గుల్ల చిప్పల మధ్య విప్పి చూపే రంగుల మెత్తని కండ అయిన మాంటిల్‌లోకి తొండం దించి రసం పీలుస్తుంటాయి. చిప్ప మీద జిగురు ముద్దలా పారదర్శకంగా కనబడేవి వాటి గుడ్లు. టూత్‌బ్రష్‌తో మడత మడతా తోమాలి, వారానికోసారి, అదీ వేరే పాత్రలో. గుల్ల రాతిని పట్టుకుని ఉంటే లాగకు. అది రాతిని పట్టుకోవడానికి పాదం నుంచి వేసే దారాలను రాతి దగ్గర బ్లేడుతో కొయ్యి. పాదం దగ్గర చిరిగితే పైకి బాగానే కనిపిస్తుంది గానీ కొద్ది రోజుల్లో పోతుంది.

వెలుతురు సంగతి ఒక్క మాట: క్రోసియాకు పార్ (మొక్కలూ గుల్లలూ వాడుకునే వెలుతురు కొలత) 250 పైన కావాలి, డెరాసాకు 150 నుంచి చాలు. కొత్తదాన్ని కింద పెట్టి రెండు మూడు వారాల్లో పైకి జరపాలి.

గుల్ల బాగుందా అన్నది చిప్ప అంచే చెబుతుంది. పెరుగుతున్న గుల్ల అంచున కొత్త సున్నం వేసినట్టు సన్నని తెల్లగీత ఉంటుంది. నీ పాత ఫోటోల్లో డెరాసాకు ఆ గీత ఉంది. చివరి నెల ఫోటోల్లో లేదు. మాంటిల్ రంగు తగ్గకముందే పెరుగుదల ఆగిపోయింది.

ఇంకొకటి. మాక్సిమా, స్క్వామోసా జాతుల గుల్లలు చూపించి చవగ్గా ఇస్తామంటే వెళ్లకు. రెండూ 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఉన్నవే. పెద్ద గుల్లల జాతులన్నీ సైటిస్ అనే, వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం రెండో అనుబంధంలోనూ ఉన్నాయి. కాగితాలు లేని గుల్లను ఇంటికి తేవద్దు.

నీళ్లు మార్చడం అయ్యాక రెండు నత్తలు వదిలి నెల రోజులు చూడు. అవి రాత్రిపూట అద్దం ఎక్కి పాచి తిన్న దారులు కనబడితే ఫోటో తీసి పంపు. కొళత్తూరు అలంకార చేపల దుకాణాల్లో నీకోసం మంచి గుల్ల చూసి పెట్టమంటావా అన్నది అప్పుడు మాట్లాడుకుందాం.

ప్రేమతో,
అమ్మ