పిల్లల ఐసీయూలో నాకు పని నేర్పిన అక్కలకు

పెద్దవాళ్ల ఐసీయూ నుంచి పిల్లల ఐసీయూకి మారుతున్నప్పుడు నేనెంత టెన్షన్ పడ్డానో నాతో పనిచేసినవాళ్లందరికీ తెలుసు. ఇప్పుడు ట్రైనింగ్ అయిపోయి సొంతంగా బెడ్ చూసుకుంటున్నాను. దానికి కారణమైన సీనియర్ సిస్టర్లకి, ముఖ్యంగా మొదటి రోజు నుంచి నన్ను వెంట తిప్పుకున్న అక్కకి, థాంక్స్ అని ఒక్క ముక్క చెప్పి ఊరుకోవాలని లేదు. వాళ్లు ఏం నేర్పారో చెప్తేనే ఆ మాటకి విలువ.

ముందుగా మందుల లెక్క. పెద్దవాళ్ల దగ్గర చాలా మందులకు ఒక మామూలు డోసు ఉంటుంది, చేతికి అలవాటైపోతుంది. ఇక్కడ ఒక బెడ్ మీద 3 కిలోల పసికందు, పక్క బెడ్ మీద 50 కిలోల పిల్లాడు ఉండొచ్చు, ఇద్దరికీ అదే మందు రాసి ఉండొచ్చు, కిలోకి ఎంతో లెక్కగట్టి ఇవ్వాలి, దశాంశ చుక్క ఒక్క స్థానం జరిగిందంటే డోసు పదింతలవుతుంది. అందుకే ఇద్దరు విడివిడిగా లెక్క వేసి ఆ తర్వాతే జవాబులు సరిచూసుకుంటారు. "నేను వేసిన లెక్క చూసి తల ఊపితే అది చెకింగ్ కాదమ్మా, కాగితం తీసుకుని మొదట్నుంచీ నువ్వు వెయ్యి" అనేవారు అక్క. పక్కన అలారాలు మోగుతున్నా, స్టాఫ్ తక్కువగా ఉన్న నైట్ డ్యూటీలో కూడా, వాళ్లు ఆ పద్ధతి తప్పడం నేను చూడలేదు.

రక్తం సంగతి కూడా అంతే. పసిపిల్లల ఒంట్లో కిలోకి సుమారు 80 మి.లీ. రక్తం ఉంటుంది, అంటే 3 కిలోల బిడ్డకి మొత్తం కలిపి పావు లీటరు కూడా లేదు. పెద్దవాళ్ల దగ్గర టెస్టులకని 2 మి.లీ. తీస్తే పట్టించుకోనక్కర్లేదు, ఇక్కడ ప్రతి చుక్కా లెక్కే. అందుకే అక్క డాక్టర్‌ని అడిగి, కుదిరిన టెస్టులన్నీ కలిపి ఒకేసారి తీయించేవారు. లైన్, అంటే నరంలో పెట్టిన సన్నటి గొట్టం, మూసుకుపోకుండా ఫ్లష్ చేసిన సెలైన్ కూడా చార్టులో ఎక్కించాలి. డైపర్ తూకం వేసి, పొడిగా ఉన్నప్పటి బరువు తీసేసి, గ్రాముకి ఒక మి.లీ. చొప్పున మూత్రం రాసుకోవాలి, అది గంటకు కిలోకి 1 మి.లీ. కన్నా తగ్గుతుంటే డాక్టర్‌కి చెప్పాలి.

కానీ వాళ్లు నాకిచ్చిన అసలైన విద్య వేరే ఉంది. నేను మానిటర్ చూసి పనిచేయడానికి అలవాటుపడ్డదాన్ని, బీపీ బాగుంటే నిశ్చింతగా ఉండేదాన్ని. పిల్లల్లో బీపీ చివర్లో పడుతుంది. ఒంట్లో రక్తం, నీళ్లు తగ్గుతున్నా గుండె వేగం పెంచుకుని, రక్తనాళాలు బిగించుకుని బీపీని నిలబెట్టుకుంటారు, ఇక నిలబెట్టుకోలేని దశలో ఒక్కసారిగా జారిపోతారు. కాబట్టి బీపీ తగ్గేదాకా ఆగితే చాలా ఆలస్యమైనట్టే. కాళ్లు చేతులు చల్లబడ్డాయా, వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు రంగు తిరిగొస్తోందా, నిన్న సూది చూసి ఏడ్చిన బిడ్డ ఇవాళ ఏడవడం లేదా, ఇవి ముందు చెప్తాయి. నెలల బిడ్డకి గుండె నిమిషానికి 140 సార్లు కొట్టుకోవడం మామూలే. అదే గుండె వేగం తగ్గిపోతుంటే మాత్రం ఊపిరి అందుతోందో లేదో వెంటనే చూడాలి, పిల్లల్లో ఎక్కువసార్లు కారణం అదే.

ఒక రోజు వెంటిలేటర్ మీదున్న పాపకి ఉన్నట్టుండి శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, పడింది. నా కళ్లు మానిటర్ మీదే ఉన్నాయి. అక్క పాప ఛాతీ వైపు చూశారు, రెండు పక్కలా సమానంగా లేస్తోందా అని. ఊపిరి గొట్టంలోకి వేసిన ట్యూబ్ ఎంత లోపలికి ఉందో చెప్పే అంకె పెదవి దగ్గర చూశారు, నన్ను డాక్టర్‌ని పిలవమని వెంటిలేటర్ తీసి చేత్తో ఊపిరి అందించే అంబు బ్యాగ్ పెట్టి నొక్కారు, బ్యాగ్ గట్టిగా తగులుతోందని ట్యూబ్‌లో సక్షన్ వేసి లాగితే చిక్కటి కఫం ముద్ద వచ్చింది, శాచురేషన్ మెల్లగా ఎక్కింది. ట్యూబ్ జరిగిందా, మూసుకుపోయిందా, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందా, మెషీన్‌లో లోపమా, ఈ నాలుగూ చూడాలని నేనూ చదువుకున్నాను. ఆవిడ చేతుల్లో చూశాకే నాకు పట్టుబడింది. ఆ మధ్యలోనే పాపతో "అయిపోయింది బంగారం, అయిపోయింది" అంటూనే ఉన్నారు.

ఎందుకంటే వెంటిలేటర్ మీదున్న పిల్లలూ ఏడుస్తారు. ట్యూబ్ స్వరపేటిక గుండా వెళ్తుంది కాబట్టి గొంతు బయటికి రాదు, మొహం ముడుచుకుంటుంది, కన్నీళ్లు కారతాయి, అంతే. ఇది నాకు ముందు తెలియదు, తెలిశాక ఆ మొహాల మీంచి చూపు తిప్పుకోలేను. నొప్పిని మొహంలో, కాళ్లలో, కదలికల్లో వెతకడం అక్కలే చూపించారు.

తల్లిదండ్రుల గురించి కూడా చెప్పాలి. బిడ్డ చుట్టూ అన్ని తీగలు చూసి ముట్టుకోవడానికే భయపడుతూ దూరంగా నిలబడే అమ్మలు ఉంటారు. అక్క కుర్చీ జరిపి, "ఇక్కడ పెట్టండమ్మా చెయ్యి, ఒకటి తల మీద, ఒకటి పాదాల కింద, నిమరకండి, అలా ఉంచండి చాలు" అని ఆ చేతులు పట్టుకుని పెట్టించేవారు. మనం చేసే పనుల్లో చార్టులో ఎక్కడా రాయనిది ఇదే, ఇంటికెళ్లాక ఆ తల్లి గుర్తుంచుకునేదీ ఇదేనని నా నమ్మకం.

ఒక బాబు దక్కలేదు. ఆ రోజు నా మిగతా పనులు ఎవరు అందుకున్నారో నాకు తెలియను కూడా తెలియలేదు, నేను ఆ అమ్మానాన్నల దగ్గరే ఉండేలా చూశారు. తర్వాత ఒక అక్క నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఏం చేశాం, ఏ టైమ్‌కి ఏం జరిగింది అని మొదట్నుంచీ మాట్లాడించారు. ఆ మాటలు లేకపోతే నేను మర్నాడు డ్యూటీకి వచ్చేదాన్ని కాదేమో.

ఫోన్ చేసిన ప్రతిసారీ విసుక్కోకుండా డోసులు వివరించిన ఫార్మసీ వాళ్లకి, అర్ధరాత్రి ఏదడిగినా నిద్ర మొహంతోనే లేచొచ్చి చూసిన డ్యూటీ డాక్టర్లకి, షీట్ మార్చేటప్పుడు ట్యూబ్ లాగకుండా బిడ్డని ఎలా ఎత్తాలో చూపించిన ఆయమ్మకి కూడా చాలా చాలా థాంక్స్.

అక్కా, డయాలసిస్ మీదున్న పిల్లల్ని చూసుకోవడం నాకింకా రాదు. వచ్చే నెల డ్యూటీ లిస్టులో నన్ను మీ పక్క బెడ్‌కి వేయమని ఇన్‌చార్జ్ సిస్టర్‌ని ఇవాళే అడిగాను.