డైట్ చార్టు రాసేవారికీ రిజిస్ట్రేషన్ ఉండాలి

సంపాదకులకు,

దేవరకొండలో మెడికల్ షాపు నడుపుతున్నాను. నా ఫార్మసిస్టు సర్టిఫికెట్ కౌంటర్ వెనుక ఫ్రేములో వేలాడుతుంటుంది. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చినా ముందు అదే చూస్తారు. మా ఎదురు వరుసలో ఒక న్యూట్రిషన్ సెంటర్ ఉంది. గోడ నిండా సన్నబడ్డవాళ్ల ఫొటోలే గానీ, సలహా చెప్పేవారు ఏం చదివారో తెలిపే కాగితం ఒక్కటీ లేదు.

బరువు తగ్గాలనుకునే కుర్రాళ్లు వెళ్తే నాకేం అభ్యంతరం లేదు. షుగరు, కిడ్నీ పేషెంట్లు కూడా వెళ్తున్నారు, భయమంతా అక్కడే. మొన్న ఒకాయన చెమటలు కక్కుతూ, చేతులు వణుకుతుంటే షాపు మెట్లెక్కాడు. పొద్దున షుగరు తగ్గించే గ్లిమిపిరైడ్ గోళీ వేసుకున్నాడట. "జొన్నరొట్టె బంద్ చెయ్యమన్నరు సార్, ఉత్త షేకే తాగుతున్న" అన్నాడు. గ్లూకోజు కలిపి తాగిస్తే తేరుకున్నాడు. ఆ గోళీ వేసుకుని తిండి తగ్గిస్తే షుగరు పడిపోతుంది. తిండి మార్చేముందు డాక్టరుతో మాట్లాడి మోతాదు చూసుకోవాలి. ఈ సంగతి తెలియనివారు షుగరు మనిషికి డైట్ ఎలా చెప్తారు? కిడ్నీలు దెబ్బతిన్నవారికైతే ప్రొటీన్ పొడి, కొబ్బరినీళ్లు కూడా లెక్క చూసే ఇవ్వాలి.

అడిగితే డబ్బా మీద కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఇచ్చే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నెంబరు చూపిస్తారు. అది తినే సరుకు తయారీకి, అమ్మకానికి. జబ్బుకు పథ్యం చెప్పడానికి కాదు.

చట్టం లేక కాదు. 2021లో పార్లమెంటు తెచ్చిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టంలో డైటీషియన్లు, న్యూట్రిషనిస్టులు ఉన్నారు. రాష్ట్ర మండళ్లు పెట్టి రిజిస్టరు నడపాలని అందులోనే ఉంది. అమలులో జాప్యంపై 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను తొందరపెట్టింది కూడా. ఆ రిజిస్టరు మామూలు జనం ఫోన్‌లో చూసుకునేలా ఉండాలి, సెంటరు బోర్డు మీద నెంబరు రాయించాలి.

అంగన్‌వాడీ టీచరు బాలామృతం ఎలా కలపాలో చెప్పినా, నాయనమ్మ సంకటి తినమన్నా లైసెన్సు అడగమని కాదు నా మాట. జబ్బు పేరు చెప్పి డబ్బు తీసుకునేవారి సంగతే.

ఇంకోటి. సర్కారు దవాఖానలో డాక్టరుకు ఊపిరాడదు, "తీపి తగ్గించు" అని పంపేస్తాడు. మిగతాది ఎవరిని అడగాలి? అందుకే జనం ఆ సెంటర్లకు పోతున్నారు, వాళ్లను తప్పుపట్టలేం. ఏరియా ఆసుపత్రిలో వారానికి రెండు రోజులైనా డైటీషియన్‌ను కూర్చోబెట్టమని జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాను.

ఒక ఫార్మసిస్టు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా