ఉచ్చుల తొలగింపు, కెమెరాలు: వెళ్లేముందు చదవండి

అందరికీ నమస్కారం. వియత్నాం, లావోస్ సరిహద్దులోని అన్నమైట్ కొండల్లో బతికే, రెండు పొడవాటి కొమ్ములుండే అరుదైన జంతువు సావోలాకి తీగ ఉచ్చే అన్నిటికంటే పెద్ద గండం. 1992లో శాస్త్రలోకానికి తెలిసిన ఈ జంతువు చివరిసారి కెమెరాకు చిక్కింది 2013లో. అడవిపంది కోసం పన్నిన ఉచ్చులో దాని కాలూ ఇరుక్కుంటుంది.

ఉచ్చు కనబడగానే చెయ్యి పెట్టకండి. ముందు ఫొటో, జీపీఎస్ పాయింటు. తర్వాత మొహం పక్కకు తిప్పుకుని, పొడవాటి కర్రతో ఉచ్చు మీటను తట్టి, తీగ కట్టి వంచిన మొక్కను పైకి లేవనివ్వండి. తీగను కోసి అక్కడే పడేస్తే మళ్లీ వాడేస్తారు, బయటికి మోసుకురావాల్సిందే. ఉచ్చు ఒక్కటే ఉండటం అరుదు. కొమ్మలతో కట్టిన దడి వెంట సందుసందుకీ ఒకటి ఉంటుంది. దడి చివరిదాకా నడవండి, దాన్నీ పీకేయండి. విసుగు పనే, కానీ సగం వదిలేస్తే వారంలో మళ్లీ పన్నుతారు.

ఎదురుగా ఏదైనా కదిలితే తనంతట తానే ఫొటో తీసే కెమెరాను మోకాలి ఎత్తున, జంతువుల బాటకు 3–4 మీటర్ల దూరంలో, ఉత్తరం లేదా దక్షిణం వైపు తిప్పి కట్టండి. ఎండ సూటిగా పడదు. ఎదురుగా ఉన్న ఆకులు కోయకపోతే అవి గాలికి ఊగి, ఖాళీ ఫొటోలతో కార్డు నిండిపోతుంది. కెమెరా లోపల తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం తప్పనిసరి.

అరుదైన జంతువు ఫొటోలో పడితే లొకేషన్ ఈ గ్రూపులో పెట్టొద్దు. ఫొటోలో దాగున్న జీపీఎస్ వివరాలు కూడా తీసేసి పంపండి.