దారం చూపిన దూరం

చిట్టితల్లీ,

అట్లాంటిక్‌లోని సెయింట్ హెలెనా దీవి నుంచి పసిఫిక్‌లోని ఈస్టర్ ఐలాండ్‌కి 10,500 కిలోమీటర్లు, పన్నెండున్నర గంటలు అని ఫోన్‌లో చూసి, "ఒక్క నిద్రలో చేరిపోతాను నాన్నా" అన్నావు. లెక్కలో తప్పు లేదమ్మా. నేనూ గ్లోబు దించి, దుమ్ము దులిపి, రెండు దీవుల మధ్య దారం బిగించి చూశాను. గుండ్రటి భూమి మీద అదే అతి దగ్గరి దారి. ఆ పొడవును గంటకు 850 కిలోమీటర్ల చొప్పున భాగిస్తే దాదాపు నీకు కనిపించిన టైమే వస్తుంది. ఆ దారిన విమానం తిరుగుతుందా అన్న సంగతి మాత్రం భాగహారానికి పట్టదు. తిరగదు మరి!

సెయింట్ హెలెనాకి ప్రయాణికుల విమానాలు రెగ్యులర్‌గా మొదలైందే 2017 అక్టోబరులో. అంతకుముందు కేప్‌టౌన్ నుంచి ఓడలో ఐదు రోజుల ప్రయాణం. ఇప్పుడు జొహానెస్‌బర్గ్ నుంచి విమానం ఉంది, కానీ మామూలుగా వారానికి ఒక్కటే. రన్‌వే దగ్గర గాలి ఉన్నట్టుండి దిక్కు, వేగం మార్చేస్తుంది. దిగడం కుదరకపోతే వెనక్కి వెళ్లాలి కదా, అందుకని దీవికి వచ్చేటప్పుడు నమీబియాలోని వాల్విస్ బేలో ఆగి ఇంధనం నింపుకుంటారు.

కాబట్టి పడమటికి వెళ్లాల్సిన నువ్వు ముందు తూర్పుకి 3,700 కిలోమీటర్లు వెళ్లి జొహానెస్‌బర్గ్‌లో దిగాలి. అక్కడి నుంచి బ్రెజిల్‌లోని సావోపాలోకి 7,400, ఆపైన చిలీ రాజధాని శాంటియాగోకి 2,600. తమాషా ఏమిటంటే, నా దారం కూడా దాదాపు శాంటియాగో నెత్తి మీదుగానే పోయింది! నేరుగా అయితే అక్కడికి 6,750 కిలోమీటర్లే. నువ్వు మాత్రం 13,700 తిరిగి అదే ఊరు చేరతావు. ఇది చూశాక మీ అమ్మ గ్లోబును కాసేపు వదల్లేదు.

శాంటియాగో నుంచి మిగిలింది 3,750. వెళ్లేటప్పుడు సుమారు ఐదున్నర గంటలు, తిరిగి వచ్చేటప్పుడు ఐదు గంటల లోపే. దూరం మారలేదు, పైన పడమటి నుంచి వీచే గాలి ఒకసారి ఎదురొస్తుంది, ఒకసారి వెనక నుంచి తోస్తుంది. అన్నట్టు, చిన్న దీవే అయినా ఈస్టర్ ఐలాండ్ రన్‌వే 3 కిలోమీటర్లు దాటి ఉంటుంది. అమెరికా వాళ్ల అంతరిక్ష నౌక స్పేస్ షటిల్ అత్యవసరంగా దిగాల్సి వస్తే పనికొస్తుందని 1980లలో పొడిగించారట. షటిల్ అయితే ఎప్పుడూ దిగలేదు.

గాల్లో గడిపేదే ఇరవై గంటల పైమాట. ఎయిర్‌పోర్టుల్లో కూర్చునే గంటలు వేరే. అందుకని టికెట్లన్నీ ఒకదానికొకటి అతికించి కొనకు. జొహానెస్‌బర్గ్‌లో కనీసం రెండు రోజులు ఖాళీ ఉంచుకో. సెయింట్ హెలెనాలో గాలి మొండికేస్తే ఆ వెసులుబాటే నిన్ను కాపాడుతుంది. తేదీలు తేలగానే రాయి, మళ్లీ దారం పట్టుకుంటాను.

నాన్న