కాలువ గట్టున కాస్త నీడ కావాలి

సంపాదకులకు,

అయ్యా,

ఉగాది సెలవుల్లో మా కుటుంబం రాజమహేంద్రవరం నుంచి అంతర్వేదికి కారులో తీరుబడిగా వెళ్లి వచ్చింది. ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక చేరి, అక్కడి నుంచి కాలువ గట్టు వెంబడి సాగే దారి తొందరపడేవారి కోసం వేసింది కాదు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి కోనసీమను తడుపుతున్న ఈ నీళ్లను, వేసవి మరమ్మతులకు కాలువలు కట్టేయకముందే చూడాలి.

ఆత్రేయపురంలో ఒక ఇంటి ముందు ఆగాం. బోర్లించిన కుండ లోపల మంట పెట్టి, పలుచని బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్కసారి పరచి లాగగానే పొరలా లేచివచ్చే రేకును చూస్తూ మా పిల్లలు అరగంట కదలలేదు. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పూతరేకుల్లో బెల్లం వేసినవే మేలని నా పట్టుదల. మా ఆవిడ ఒప్పుకోదు.

సఖినేటిపల్లి వద్ద కారుతో సహా పంటు (వాహనాలను దాటించే పెద్ద పడవ) ఎక్కి గోదావరి పాయ వశిష్ఠ దాటి, నరసాపురం మీదుగా తిరిగి వచ్చాం. అయితే దారి పొడవునా ఆడవారికి మరుగుదొడ్డి దొరకలేదు, కొబ్బరి చెట్ల నీడ తప్ప కూర్చోవడానికి ఒక్క బల్ల కనబడలేదు, లాకుల దగ్గర నీటి మీద ప్లాస్టిక్ సీసాలు తెట్టులా పేరుకున్నాయి. వచ్చే ఏడాది ఉగాదికైనా గట్టు మీద రెండు మూడు చోట్ల తాటాకు పందిళ్లు, చెత్తబుట్టలు, మరుగుదొడ్లు ఏర్పాటు చేయవలసిందిగా సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం